నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపు కంటి పరీక్ష: ఎవరికి ముప్పు, ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎవరిది?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాల తల్లిదండ్రుల కోసం, ఆశా కార్యకర్తల కోసం

ముందుగా తెలుసుకోవాల్సింది

మీ బిడ్డ 34 వారాలు నిండకముందే పుట్టాడా? పుట్టినప్పుడు బరువు 2 కిలోల కంటే తక్కువ ఉందా? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి అవును అన్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి. బిడ్డ పాలు బాగా తాగుతున్నా, కళ్లు తెరిచి దీపం వైపు చూస్తున్నా సరే, చేయించాల్సిందే.

మన దగ్గర "ఏడో నెల బిడ్డ", "ఎనిమిదో నెల బిడ్డ" అని చెప్పుకుంటాం. ఈ పరీక్షకు నెలల లెక్క చాలదు, వారాల లెక్క కావాలి. డిశ్చార్జి కాగితంలో పుట్టిన తేదీ, ఎన్ని వారాలకు పుట్టింది, ఎన్ని గ్రాముల బరువు అనే మూడూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి.

ఏమిటీ జబ్బు?

దీని పేరు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. ఆసుపత్రిలో ఆర్‌ఓపీ అంటారు. కంటి లోపల వెనక వైపు ఉండే పల్చటి పొరే రెటీనా. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. తల్లి కడుపులో సుమారు 16వ వారం నుంచి ఈ పొర మీద రక్తనాళాలు మధ్య నుంచి అంచుల వైపు పెరుగుతూ వస్తాయి. నెలలు నిండే సమయానికి గానీ అంచు దాకా చేరవు.

బిడ్డ ముందే పుడితే ఆ పని సగంలో ఆగిపోతుంది. రక్తం అందని అంచు భాగం కొన్ని వారాలకు ఆకలిగొన్నట్టు అవుతుంది. అప్పుడు అక్కడ కొత్త నాళాలు అడ్డదిడ్డంగా మొలుస్తాయి. అవి ముదిరితే రెటీనాను లాగి ఊడదీస్తాయి. చూపు పోతుంది.

ఇదంతా కంటి లోపల జరుగుతుంది. కన్ను ఎర్రబడదు, పుసి కట్టదు, బిడ్డ ఏడవడు. కంటిపాప తెల్లగా కనిపించే సరికి జబ్బు చివరి దశకు వచ్చేసి ఉంటుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువ. అందుకే "ఏమైనా తేడా కనిపిస్తే చూపిద్దాం" అనుకుని ఇంట్లో ఆగకూడదు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

1. ఎంత ముందు పుడితే అంత ముప్పు. 28 వారాల లోపు పుట్టిన బిడ్డలకు అందరికంటే ఎక్కువ.
2. ఎంత బరువు తక్కువైతే అంత ముప్పు. 1,200 గ్రాముల లోపు బిడ్డల విషయంలో ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు.
3. లెక్క లేకుండా ఆక్సిజన్ పెట్టినా, దాని మోతాదు మాటిమాటికీ పెరుగుతూ తగ్గుతూ ఉన్నా.
4. రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినా.
5. రక్తం ఎక్కించాల్సి వచ్చినా.
6. మధ్యమధ్యలో ఊపిరి ఆగినా, వెంటిలేటర్ మీద ఉంచినా.
7. పుట్టిన తర్వాత వారాల్లో బరువు సరిగా పెరగకపోయినా.

ఒక్కొక్కటి విడిగా ఉన్నదానికంటే రెండు మూడు కలిస్తే ముప్పు పెరుగుతుంది. కవలలు తరచుగా ముందే, తక్కువ బరువుతో పుడతారు కాబట్టి ఇద్దరికీ పరీక్ష కావాలి. ఒకరికి బాగుందని రెండో బిడ్డను వదిలేయకండి. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టిన బిడ్డకు పైన 3 నుంచి 7 వరకు ఉన్నవాటిలో ఏదైనా జరిగి ఉంటే, "మా బిడ్డకు కూడా కంటి పరీక్ష అవసరమా?" అని పిల్లల డాక్టరును మీరే అడగండి.

ఆక్సిజన్ వద్దనాలా?

వద్దనకూడదు. ఈ జబ్బును 1942లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ టెర్రీ మొదట వివరించారు. ఇంక్యుబేటర్లలో అతిగా ఇచ్చిన ఆక్సిజన్ వల్లే అది అంతగా పెరిగిందని 1950లలో తేలింది. భయపడి ఆక్సిజన్ బాగా తగ్గించేస్తే ఊపిరి అందక చనిపోయే పిల్లలు పెరిగారు. ఆక్సిజన్ కూడా మందు లాంటిదే, మోతాదు ముఖ్యం. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ కాలికో చేతికో కట్టిన యంత్రంలో అంకె సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉండేలా చూస్తారు. ఆ అంకె ఎంతుందని నర్సమ్మను అడగడం తప్పు కాదు.

అమెరికాలో సాధారణంగా 1,500 గ్రాములు, 30 వారాలు హద్దుగా పెట్టుకుని పరీక్షిస్తారు. మన దేశంలో అంతకంటే బరువున్న పిల్లల్లోనూ జబ్బు ముదరడం వైద్యులు చూశారు. అందుకే మన హద్దు 2 కిలోలు, 34 వారాలు. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1990ల చివరి నుంచి నవజాత శిశు విభాగాలకే వెళ్లి ఈ పరీక్షలు చేస్తూ వచ్చింది. "తీస్ దిన్ రోష్నీ కే", అంటే "వెలుగు కోసం ముప్పై రోజులు" అనే మాట ఆ పని నుంచి వచ్చిందే.

ఏ తేదీ లోపు?

ఉదాహరణకు బిడ్డ జూన్ 5న పుట్టాడనుకోండి.

• 28 నుంచి 34 వారాల మధ్య పుట్టి, బరువు 1,200 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే: జులై 4 లోపు.
• 28 వారాల లోపు పుట్టినా, 1,200 గ్రాముల లోపు ఉన్నా: ఇంకా ముందే, మూడు వారాల్లో, అంటే జూన్ 25 లోపు.

బిడ్డ అప్పటికి ఆసుపత్రిలోనే ఉంటే పరీక్ష అక్కడే జరిగేలా అడగండి. ఇంటికి పంపితే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. తల్లి పుట్టింట్లో ఉంటుంది, తండ్రి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనికి పోయి ఉంటాడు, పచ్చి పురిటి బిడ్డను బయటికి తీయకూడదని పెద్దవాళ్లు అంటారు. ఈ మూడూ మన ఊళ్లలో ఉన్నవే. పెద్దవాళ్ల జాగ్రత్త మంచిదే. బిడ్డను వెచ్చగా చుట్టి, తల్లి గుండెకు ఆనించుకుని తీసుకెళ్లండి. ముప్పయ్యో రోజు మాత్రం మనకోసం ఆగదు. డిశ్చార్జి అయిందంటే కంటి పరీక్ష అయిపోయిందని అర్థం కాదు.

ఖర్చు, ప్రయాణం

• రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (2013 నుంచి): పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు వర్తిస్తుంది. ఆర్‌ఓపీ ఈ జాబితాలో ఉంది. పరీక్ష, పై ఆసుపత్రికి పంపడం, చికిత్స ఉచితం.
• జననీ శిశు సురక్షా కార్యక్రమం (2011 నుంచి): జబ్బు పడ్డ పసిబిడ్డకు ఏడాది వయసు వరకు ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి వాహనం ఉచితం.
• ఎన్టీఆర్ వైద్య సేవ: నెట్‌వర్క్ ఆసుపత్రికి పంపితే ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి.

రెటీనా వైద్యులు ఉండే పెద్ద ఆసుపత్రులు మనకు దూరమే. మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లు గుంటూరు–నంద్యాల రైలు మార్గంలోనే ఉన్నాయి. అటు గుంటూరు, విజయవాడ, ఇటు నంద్యాల మీదుగా కర్నూలు వెళ్లొచ్చు. ఎక్కడికి పంపుతున్నారో, ఆ రోజు రెటీనా డాక్టరు ఉంటారో లేదో డిశ్చార్జి రోజే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఊరికే వెళ్లి తిరిగి వస్తే వారం పోతుంది.

వెంట ఉండాల్సినవి: డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల రక్షణ కార్డు, తల్లి ఆధార్, బియ్యం కార్డు. బిడ్డకు ఆధార్ రాలేదని ప్రయాణం మానుకోవద్దు.

తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షలో బిడ్డకు ఏం చేస్తారు?
కంట్లో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లైటుతో లోపల చూస్తారు. బిడ్డ ఏడుస్తాడు, కొద్దిసేపటికి సర్దుకుంటాడు. పరీక్షకు ముందు గంట సేపు పాలు పట్టకండి, వాంతి కాకుండా ఉంటుంది.

ఒకసారి బాగుందంటే చాలా?
చాలదు. రక్తనాళాలు అంచు దాకా చేరాయని డాక్టరు చెప్పేవరకు వారానికో రెండు వారాలకో మళ్లీ రమ్మంటారు. ఎక్కువమంది బిడ్డల్లో జబ్బు దానంతట అదే తగ్గుతుంది. కానీ ఎవరికి తగ్గుతుందో, ఎవరికి ముదురుతుందో చూస్తేనే తెలుస్తుంది.

లేజర్ చేయాలంటే ఆలోచించుకుని రావచ్చా?
వద్దు. చికిత్స 48 నుంచి 72 గంటల్లోపు జరగాలి. రక్తం అందని అంచు భాగానికి లేజర్ పెట్టి, చూపుకు ముఖ్యమైన మధ్య భాగాన్ని కాపాడతారు. కొందరికి కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు. ఊరికి ఫోన్ చేసి పెద్దవాళ్లను అడగాలంటే అక్కడి నుంచే అడగండి.

తర్వాత?
ఈ పిల్లలకు మెల్లకన్ను, ఎక్కువ పవరు అద్దాలు రావచ్చు. బడికి వెళ్లే వయసు దాకా ఏటా కంటి డాక్టరుకు చూపించండి.

ఇంట్లో మీరు చేయగలిగింది

తల్లిపాలే పట్టండి. కంగారూ పద్ధతిలో బిడ్డను ఛాతీకి ఆనించి ఉంచుకోండి. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. వీటివల్ల ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. పై జాబితాలో రెండు ముప్పులు తగ్గినట్టే.

ఆశా కార్యకర్తలకు

ఆసుపత్రి కాన్పు అయితే మీ ఇంటి సందర్శనలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఉంటాయి. 14వ రోజునే కార్డు చూసి వారాలు, బరువు సరిచూడండి. హద్దు లోపు ఉంటే పరీక్ష తేదీని కార్డు మీద పెద్దగా రాయండి. బిడ్డ 1,200 గ్రాముల లోపు అయితే 21వ రోజుకే పరీక్ష అయిపోయి ఉండాలి. మిగతావాళ్లకు 28వ రోజు సందర్శనే ఆఖరి అవకాశం. 42వ రోజున అడిగితే ఆలస్యమైనట్టే. అప్పటికీ చేయించకపోతే మాత్రం ఆ రోజే పంపండి, వదిలేయకండి. తల్లి వేరే ఊరి పుట్టింటికి వెళ్లి ఉంటే ఆ ఊరి ఆశాకు ఫోన్ చేసి తేదీ చెప్పండి.

ఈ పీడీఎఫ్‌ను మీ గ్రామ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఈ నెలలో ముందుగా కాన్పు అయిన ఇల్లు మీకు తెలిస్తే, వాళ్లకు చదివి వినిపించండి.