బుస్సుమనే చోటు ఎవరికి తెలుసు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. దానికి ముందే మీ అత్త ఫోను చేసి, "పిల్ల ఉద్యోగం మానేస్తానంటోందట" అని చెవిన వేసింది. ఉత్తరంలో ఆ మాట లేదు. "ఇక్కడ ఎవరికీ పట్టదు పెదనాన్నా" అని మాత్రం మూడు చోట్ల ఉంది. మీ పెద్దమ్మ మూడింటి కిందా పెన్సిలుతో గీతలు గీసి మరీ చూపించింది. వేళకు తింటున్నావో లేదో ముందు అడగమంది. పెదనాన్న అడిగేశాడు, జవాబు ఆవిడకే రాయి.

ఇక మీ ఫ్యాక్టరీలో పర్యావరణం ఎవరికీ పట్టకపోవడం సంగతి. జూన్ 5న గేటు దగ్గర మొక్కలు నాటించావు. ఆకుపచ్చ టీషర్టులు తొడిగించి ప్రతిజ్ఞ చేయించావు. క్యాంటీన్‌లో కాగితం కప్పులు తీయించి స్టీలు గ్లాసులు పెట్టించావు. గ్లాసుల పని బాగుంది. జూలైలో మీటింగు పెడితే నలుగురే వచ్చారని, అందులో ఇద్దరు హెచ్ఆర్ వాళ్లేనని బాధపడ్డావు. ఆ నలుగురిలో కంప్రెసర్ ఆపరేటర్ ఉన్నాడా? బాయిలర్ దగ్గర నైట్ షిఫ్టు చేసేవాడున్నాడా? మధ్యాహ్నం మూడింటికి కాన్ఫరెన్స్ హాల్లో పెడితే మిషన్లు వదిలి వాళ్లెలా వస్తారు తల్లీ?

లెక్కల కోసం మీ పైవాళ్ల తొందర పెదనాన్నకు తెలియంది కాదు. వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి కరెంటు, నీళ్లు, వ్యర్థాల లెక్కలు రాసి తీరాలని షేర్ మార్కెట్లను చూసే సెబీ నియమం పెట్టింది. పట్టికలు ఆఫీసులో నిండుతాయి. పట్టికలోని అంకె తగ్గాలంటే మాత్రం షెడ్డులోకి పోవాలి.

షెడ్డు అనగానే పెదనాన్న ఎక్కడికి వెళ్తాడో నీకు తెలుసు. గాలి దగ్గరికే. నవ్వితే నవ్వు. ఫ్యాక్టరీలో గాలి ఊరికే రాదు, కరెంటు తగలేసి కంప్రెసర్‌తో నొక్కి పట్టిన గాలి అది. ఏడు బార్ల ఒత్తిడి ఉన్న లైనులో మూడు మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకో, మూడు కిలోవాట్ల కరెంటు ఆ చిల్లులోంచి పోతున్నట్టే. రోజుకు 72 యూనిట్లు. పెద్దమ్మ ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, నీళ్ల మోటరు అన్నీ కలిపి పది రోజులు తిరిగినా అంత కాదు. ఏడాదంతా అలాగే వదిలేస్తే పాతికవేల యూనిట్లు దాటుతుంది. మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన అది 18 టన్నులు. ఒక్క చిల్లుకి! పట్టించుకోని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ తయారుచేసే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా లీకుల్లోనే పోతుందని ఇంజనీర్ల పుస్తకాలు చెబుతాయి.

ఆ గాలి ఎక్కడ పోతోందో ఎవరికి తెలుసు? బాలానగర్‌లో ఓ చిన్న షెడ్డులో పెదనాన్న హెల్పరుగా చేరిన కొత్తలో ఒక ముసలి ఫిట్టర్ ఉండేవాడు. మిషన్లు నడిచేటప్పుడు ఆ హోరులో ఏమీ వినపడదు. అందుకని ఆదివారం, అన్నీ ఆగాక, చెంబులో సబ్బు నీళ్లు, ఓ పాత బ్రష్షు పట్టుకుని లైను వెంట నడిచేవాడు. బుస్సుమన్న చోటల్లా తడిపేవాడు, బుడగ లేస్తే సుద్దముక్కతో గుండ్రం చుట్టేవాడు. కప్లింగులు, హోస్ పైపు క్లాంపులు, ఎవరో సగం తిప్పి వదిలేసిన డ్రెయిన్ వాల్వు. ఓ సోమవారం పొద్దున ఆ గుండ్రాలు చూసి యజమాని మేనేజరును తిట్టాడు, మేనేజరు ఫిట్టర్‌ను తిట్టాడు. మరుసటి వారం నుంచి ఆయన సుద్దముక్క తేలేదు. ఆ షెడ్డు పేరెందుకులే, ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలుంది. (నీకు నాలుగేళ్లప్పుడు సైకిలు ట్యూబు బకెట్లో ముంచి బుడగలు చూపిస్తే, పంక్చరు దొరికినా ఇంకోసారి ముంచమని ఏడ్చేదానివి. ఇలాంటి ఉద్యోగమే చేస్తావని పెద్దమ్మ అప్పుడే అంది.)

పనిచేసేవాళ్లకే వృథా జాడ తెలియడం బాలానగర్‌కే చెల్లిందనుకోకు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని డౌ కెమికల్ ప్లాంట్లలో కెన్ నెల్సన్ అనే ఇంజనీరు 1980ల మొదట్లో ఒక పోటీ పెట్టాడు. కరెంటో, ఆవిరో ఎక్కడ వృథా అవుతోందో పనిచేసేవాళ్లే చెప్పాలి, పెట్టిన డబ్బు ఏడాదిలోపు తిరిగి రావాలి. మొదటిసారి 27 ప్రాజెక్టులు నెగ్గాయి. పెట్టుబడి మీద సగటు రాబడి 173 శాతం. సులువైనవన్నీ అయిపోయాయి, ఇక మిగలవన్నారు పెద్దలు. మరుసటి ఏడు 32 వచ్చాయి, రాబడి 340 శాతానికి ఎగబాకింది. ఆ పోటీ పన్నెండేళ్లు నడిచింది. 1993లో నెల్సన్ రిటైరయ్యాడు, పోటీ కూడా ఆయనతోనే ఇంటికి పోయింది. అందుకే చెబుతున్నాడు పెదనాన్న, అంతా నీ ఒక్కదాని భుజాన వేసుకోకు. నువ్వు పెళ్లి చేసుకుని బెంగళూరు పోయినా నడిచేలా షిఫ్టు ఇంచార్జిల చేతిలో పెట్టు. (పెళ్లి మాట పెద్దమ్మ రాయమంది.)

అమెరికా దాకా కూడా అక్కర్లేదు. మీ ఫ్యాక్టరీకి కూతవేటులో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ఉంది. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు అక్కడే, 1980 ప్రాంతంలో, ఎస్.ఆర్. ఉడ్ప అనే అధికారి పూనికతో మొదలయ్యాయి. ఒకే చోట పనిచేసే ఏడెనిమిది మంది ఇష్టపూర్వకంగా కూడి, పని వేళల్లోనే వారానికో గంట కూర్చుని, సమస్యను తామే ఎంచుకుని, తామే తేల్చి, పైవాళ్ల ముందు తామే నిలబడి చెప్పడం. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టింది కూడా మన జంటనగరాల్లోనే. ఇందులో పెదనాన్నకు నచ్చేది చివరి మెట్టు. మనవాడు చెబుతుంటే జనరల్ మేనేజరు కూర్చుని వింటాడు. సలహా పెట్టెలో చీటీ వేసినవాడికి ఆ గౌరవం ఎక్కడ దక్కుతుంది? చాలాచోట్ల ఆ పెట్టె తాళం చెవి ఎవరి దగ్గరుందో కూడా తెలీదు.

వినకపోతే ఏమవుతుందో రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నువ్వున్నది రసాయనాల కంపెనీ. భోపాల్‌లో గ్యాస్ లీకైన ఫ్యాక్టరీ కార్మిక సంఘం వాళ్లు 1982లోనే ప్రమాదం ఉందని హెచ్చరిస్తూ కాగితాలు అంటించారు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి అదే ఏడాది పత్రికలో రాశాడు. ఎవరూ వినలేదు. విషవాయువు ట్యాంకులను చల్లబరిచే యంత్రాన్ని 1984లో ఆపేసి ఉంచారు. ఆ డిసెంబరు రాత్రి సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనులుండే చోట కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ పెట్టాలని రాశారు. ప్రాణాపాయం కనబడితే కార్మికుడు మేనేజరుకూ, ఇన్‌స్పెక్టరుకూ నేరుగా చెప్పే హక్కు కూడా అప్పుడే చేర్చారు. చెట్లు నాటమనే కమిటీకి ఆ బలం లేదు. నీ పనిని ఆ భద్రతా కమిటీతో కలుపు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

కాంట్రాక్టు వాళ్లను మరిచిపోకు. డ్రమ్ములు దొర్లించేది, ట్యాంకులు కడిగేది, కడిగిన నీళ్లు ఏ కాలువలోకి పోతున్నాయో చూసేది వాళ్లే. వాళ్లకు టీషర్టులు కూడా రాలేదని నీ ఉత్తరంలోనే రాశావు. చెబితే మర్నాడు గేటు పాసు ఉండదేమోనన్న భయం వాళ్లది. వాళ్లు చెప్పినదాన్ని పేరు లేకుండా నువ్వే రాసుకుని, వారంలోగా బాగు చేయించి, బాగైందని వాళ్ల దగ్గరికెళ్లి చెప్పు. బహుమతి ఇవ్వకపోయినా ఫరవాలేదు. జవాబు మాత్రం ఇవ్వాలి.

రాజీనామా సంగతి దసరాకి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఈలోపు ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం మిషన్లన్నీ ఆపించి, కంప్రెసర్ ఒక్కదాన్నే నడపమను. ఎంతసేపు లోడ్‌లో (గాలి నొక్కుతూ) ఉందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో (గాలి నొక్కకుండా) ఉందో ఆపరేటర్‌నే గడియారం చూసి రాయమను. రెండు నిమిషాలు లోడ్, ఆరు నిమిషాలు అన్‌లోడ్ అయితే దాని సామర్థ్యంలో నాలుగో వంతు లీకులకే పోతున్నట్టు. లెక్క నువ్వు కట్టకు, అతనితోనే కట్టించు. కాగితం కింద అతని పేరు రాయించి మేనేజరు దగ్గరికి అతన్నే పంపు, నువ్వు వెనక నిలబడు. తర్వాత ఆ రెండు అంకెలూ, కంప్రెసర్ ఎన్ని కిలోవాట్లదో పెదనాన్నకు వాట్సాప్‌లో పెట్టు. ఫొటో తీసేటప్పుడు అక్షరాలు పెద్దగా కనబడేలా తియ్యి, కొత్త కళ్లజోడు ఇంకా రాలేదు.

— పెదనాన్న