గండికోట లోయ – ఫలకయంత్రము : ఒక సవరణ

పెన్నానది ఎర్రమలను చీల్చుకొని పారుచోట గండికోట వెలసినది. ఈ గండియే కోటకు సహజమైన అగడ్త. భూమిని కొలువ వచ్చినవానికి ఇదియే చిక్కు. ఒక గట్టునుండి రెండవ గట్టునకు గొలుసు పరచుటకు వీలులేదు.

1800లో నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అవియే దత్తమండలములు. మైసూరు సర్వే పిమ్మట ఈ సీమల సర్వేయును కాలిన్ మెకంజీ అజమాయిషీలో సాగినది. ఆయన మదరాసు ఇంజనీర్ల దళమునకు చెందిన సైనికాధికారి. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యెను. ఆయన కొలువున కావలి సోదరులు కైఫీయత్తులు సేకరించిన సంగతి మనకు సుపరిచితమే. పటములవైపు మాత్రము మన దృష్టి అంతగా పోలేదు.

నాటి సైనిక సర్వేయర్ల సామగ్రి స్వల్పము: 66 అడుగుల, 100 లంకెల గొలుసు, త్రోవదూరము లెక్కించు చక్రము, దిక్సూచి, కోణములకు థియోడొలైటు, పటము గీయుటకు ముక్కాలిపై నిలుపు బల్ల. ఈ బల్లనే ప్లేన్ టేబుల్ అందురు.

భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంతశిరోమణిలో ఫలకయంత్రమును వర్ణించెను. ప్లేన్ టేబుల్ అదియేనని నేను పెక్కేండ్లు విద్యార్థులకు చెప్పితిని. అది పొరపాటు. ఫలకయంత్రమును నిలువుగా వ్రేలాడదీయుదురు. నడుమనున్న శలాక నీడచే సూర్యుని ఉన్నతాంశమును, తద్ద్వారా కాలమును గ్రహింతురు. అది ఆకాశమును చూచును. ఇది నేలకు సమాంతరముగ నిలిచి నేలనే చూచును.

దీని పని యిట్లు: ఒక గట్టుపై గొలుసుతో ఒక రేఖను కొలిచి, దానిని కాగితముపై చిన్న కొలతతో గీయవలెను. మొదటి కొన యొద్ద బల్ల నిలిపి, చూపుబద్దను ఆవలిగట్టు బురుజువైపు త్రిప్పి గీత గీయవలెను. పిమ్మట బల్లను రెండవ కొనకు మార్చి, మొదటి కొనను వెనుదిరిగి చూచి దాని దిక్కు సరిచేసి, అదే బురుజునకు మరొక గీత గీయవలెను. గీతలు కలియుచోటే బురుజు స్థానము. గండి దాటకయే ఆవలిగట్టు పటమునకెక్కును.

సాజాత్యము వెదకవలెనన్న భాస్కరుని ధీయంత్రమున వెదకవలెను. చేతికఱ్ఱ వెంబడి వెదురు మొదలును కొనను చూచి, అనుపాతముచే దాని దూరమును ఎత్తును గణించుట అందు కలదు. ఉభయత్ర సూత్రము సరూపత్రిభుజములదే. అచట ఫలము అంకె, ఇచట గీత. అయినను ఒకటి మరొకదానికి మూలమనరాదు. ఐరోపాలో పదునారవ శతాబ్దినుండియే ఈ బల్ల వాడుకలో నున్నది.

నా పాతపాఠముల ప్రతులు దగ్గరనుంచుకొని బోధించుచున్న శిష్యులు ఫలకయంత్రమును గూర్చిన ఆ పంక్తిని కొట్టివేయవలెనని కోరుచున్నాను.