మూడు థర్మామీటర్లు, ఒక జిల్లా



మనవరాలా, నీ ప్రాజెక్టును ఈ తాత రెండుసార్లు చదివాడు. తిరువళ్లూరు జిల్లాలో మే నెల ఎండ ఎంతో తేల్చడానికి నువ్వు నుంగంబాక్కం, మీనంబాక్కం, తిరుత్తణి వాతావరణ కేంద్రాల అంకెలు కూడి మూడుతో భాగించావు. పొరపాటు ఆ మూడుతోనే వచ్చిందమ్మా.

పొలం లెక్క తీసుకో. ఐదెకరాల మెరకలో ఎకరాకు 20 మూటలు, చెరువు కింది ఎకరంలో 35 మూటలు పండాయనుకో. 20, 35 కూడి సగం చేస్తే ఇరవై ఏడున్నర. కానీ కళ్లంలో ఉన్నవి 135 మూటలు, నేల ఆరెకరాలు. ఎకరాకు ఇరవై రెండున్నరే. మీ అవ్వ ఏ కాగితమూ లేకుండా చెప్పే లెక్క ఇది. పాఠ్యపుస్తకం దీన్నే భారిత సగటు అంటుంది.

ఎండ లెక్కా అంతే. నువ్వు తీసుకున్న మూడింట్లో రెండు కేంద్రాలు చెన్నై నగరంలోనే, దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడ చాలా రోజులు మధ్యాహ్నానికే సముద్రగాలి తిరుగుతుంది. లోపలికి వచ్చేకొద్దీ ఆ గాలి ఆలస్యమవుతుంది, బలం తగ్గుతుంది. అందుకే వేసవిలో తిరుత్తణి అంత కాగుతుంది. ఊరికే మూడుతో భాగిస్తే సముద్రపు ఒడ్డుకు రెండు ఓట్లు, మన మెట్టప్రాంతమంతటికీ ఒకే ఓటు!

1911లో అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు థీసెన్ వానలెక్క కోసం ఒక దారి చూపాడు. ప్రతి చోటునూ దానికి అతి దగ్గరి కేంద్రానికి అప్పగించాలి. మ్యాపు మీద రెండేసి కేంద్రాలను గీతతో కలిపి, ఆ గీతకు సరిగ్గా మధ్యలో లంబం గీస్తే వాటాల హద్దులు తేలతాయి. అలా చూస్తే మన తిరువాలంగాడు తిరుత్తణి వాటాలోకి వస్తుంది. ఆంధ్రలోని నగరి వైపు నేల కూడా కొంత ఆ వాటాలోదే. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది కదా! ఎండకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. కానీ నువ్వు అడిగింది తిరువళ్లూరు జిల్లా సగటు కాబట్టి, సరిహద్దు దాటిన ముక్కను కత్తిరించెయ్యి.

ఇప్పుడు లెక్క. తిరుత్తణిలో 42, మీనంబాక్కంలో 39, నుంగంబాక్కంలో 37 డిగ్రీలు అనుకుందాం. జిల్లా నేలను పది పాళ్లు చేస్తే వాటికి వరసగా 6, 1, 3 పాళ్లు దక్కాయనుకో. 252, 39, 111 కూడితే 402. పదితో భాగిస్తే 40.2. నీ పద్ధతిలో 39.3 వచ్చేది. దాదాపు ఒక డిగ్రీ తేడా, అదేం చిన్నది కాదు.

భూగోళం మొత్తానికీ ఇదే సూత్రం. అక్షాంశ రేఖాంశాల గళ్లు ధ్రువాల వైపు ఇరుకవుతాయి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరి గడి, భూమధ్యరేఖ మీది గడిలో సగమే ఉంటుంది. అందుకే అక్షాంశపు కొసైన్‌తో గుణించి కూడతారు.

ఒక జాగ్రత్త. థీసెన్ గీతకు దూరం తప్ప కొండ, సముద్రం కనబడవు. పులికాట్ ఒడ్డున మరో కేంద్రం అంకె దొరికితే తప్పక కలుపు.

ప్రాజెక్టు ఇచ్చే ముందు జిల్లా మ్యాపు మీద లంబాలు గీసి, అసలు పాళ్లు కొలువు. ఏ కేంద్రానికి ఎంత నేల వచ్చిందో తాతకు ఫోన్ చేసి చెప్పు.