డ్యూటీ దిగాక పాఠం: టీవీ బాక్సు నుంచి కంప్యూటర్‌కు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. లేనిదల్లా ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు టైమే. చైతన్యపురిలోనో కొత్తపేటలోనో గది తీసుకుని, పగలంతా షోరూములోనో ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లోనో నిలబడి, గ్రూప్స్‌కో జేఈ పోస్టుకో చదువుకునే మనిషి టీవీలో పాఠం ప్రసారమయ్యే గంటకు ఇంట్లో ఉండడం కష్టం. పాఠాన్ని రికార్డు చేసి, ఇంటి నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటే ఆ గంటను మీకు వీలైన చోటికి జరుపుకోవచ్చు. ఖర్చు తక్కువే. కానీ మొదటి అడుగు తప్పితే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

ముందు యాప్ చూడండి. రాష్ట్ర ప్రభుత్వ టీ-సాట్ నిపుణ, విద్య చానళ్ల పాఠాలు చాలావరకు దాని యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉంటాయి. కావలసిన పాఠం అక్కడ ఉండి, హాస్టల్ నెట్ సరిగ్గా పనిచేస్తుంటే రికార్డింగ్ జోలికి పోనక్కర్లేదు. నెట్ రాత్రిపూట నత్తనడక నడిచేవాళ్లకూ, పాఠం తమ డిస్కులో ఉంటేనే కుదురుగా చదవగలిగేవాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

అసలు చిక్కు నెట్‌వర్క్‌లో లేదు, సిగ్నల్‌కు వేసే తాళంలో (ఎన్‌క్రిప్షన్‌లో) ఉంది. ఒకప్పుడు కేబుల్ వైరు తెచ్చి కంప్యూటర్‌లోని టీవీ ట్యూనర్ కార్డుకు తగిలిస్తే చాలు, ఏ కార్యక్రమమైనా రికార్డయ్యేది. కేబుల్ డిజిటలీకరణ రెండో విడతలో హైదరాబాద్ కూడా ఉంది. దానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. అప్పటి నుంచి కేబుల్ సిగ్నల్ తాళం వేసుకునే వస్తోంది. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులూ అంతే. వాటిలో రికార్డు చేసిన ఫైలు ఆ బాక్సులోనే తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ తీసి ల్యాప్‌టాప్‌కు పెడితే ఫైలు కనిపిస్తుంది కానీ ఆడదు. ఆ తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్ ఉందని ఎవరైనా చెబితే వినకండి. పరీక్ష రాసి సర్కారు కొలువు కోరుకునేవాళ్లకు ఆ దారి అసలు వద్దు.

తాళం లేనివి ఫ్రీ టు ఎయిర్ చానళ్లు. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన దూరదర్శన్ సేవే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. నెలవారీ చందా లేదు. కేంద్రం 2017 జూలైలో 32 చానళ్లతో ప్రారంభించిన స్వయంప్రభ విద్యా ప్రసార సేవ కూడా ఇందులోనే, జీశాట్-15 ఉపగ్రహం మీదుగా వస్తుంది. ఇంజినీరింగ్, కామర్స్, సైన్సు పాఠాలు అందులో ఉన్నాయి. దాని ఏర్పాటు ఉద్యోగస్తులకు బాగా కలిసొస్తుంది: ఒక్కో చానల్‌లో రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠం, అదే మరో ఐదుసార్లు పునఃప్రసారం. జోరువానకు కేయూ బ్యాండ్ సిగ్నల్ తెగిపోతుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకే పాఠానికి రెండు టైమర్లు పెట్టండి, సాయంత్రం ఒకటి, తెల్లవారుజామున ఒకటి.

బాక్సు కొనడానికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఎల్బీనగర్ నుంచి మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. డబ్బా మీద ‘యూఎస్‌బీ రికార్డింగ్’ అని ఉన్నంత మాత్రాన నమ్మి కొనకండి. మీ పెన్‌డ్రైవ్, మీ సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, “అన్నా, ఇండ్ల రికార్డు చేసింది కంప్యూటర్ల ఆడుతదా?” అని అడిగి, ఐదు నిమిషాలు రికార్డు చేయించి, అక్కడికక్కడే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడించి చూడండి. ఆడితేనే డబ్బులివ్వండి. వెనకాల లాన్ పోర్టు ఉందా, బాక్సులో ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా పంపే ఎఫ్‌టీపీ సర్వర్ ఉందా అనీ అడగండి. లినక్స్ మీద నడిచే బాక్సుల్లో అది సాధారణంగా ఉంటుంది.

ఇక ఇంట్లో. బాక్సును కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. రౌటర్ సెట్టింగుల్లో బాక్సుకు ఒక శాశ్వత ఐపీ చిరునామా కేటాయించండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారిపోయి వెతుక్కోవాల్సి వస్తుంది. కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, ఆ చిరునామా, పాస్‌వర్డ్ ఇస్తే బాక్సులోని ఫోల్డర్లు తెరుచుకుంటాయి. కావలసిన ఫైలును ఇటు లాగడమే. కొందరు విండోస్ షేరింగ్‌తో చేద్దామని చూస్తారు. పాత బాక్సులకు తెలిసింది ఎస్ఎంబీ-1 అనే పాత షేరింగ్ పద్ధతి ఒక్కటే, కొత్త విండోస్‌లో అది మూసి ఉంటుంది. దాన్ని తెరవకండి. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వానాక్రై మాల్‌వేర్ ఆ సందులోంచే దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

గంట పాఠం మామూలు నాణ్యతలో సుమారు ఒక జీబీ ఉంటుంది. వంద ఎంబీపీఎస్ లాన్ మీద అది నిమిషంన్నరలో వచ్చేస్తుంది. వైఫై మీద అయితే లెక్క మారుతుంది. దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో గోడకో రౌటర్, అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే తోసుకుంటూ ఉంటాయి. బాక్సూ ల్యాప్‌టాప్ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ఫైలూ గాలిలో రెండుసార్లు ప్రయాణించి వేగం సగానికి పడిపోతుంది. ఒక్కదానికైనా వైరు ఉండాలి, రెండోదాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి.

హాస్టల్ వైఫైలో ఒక పరికరం మరోదానికి కనిపించకుండా చాలాచోట్ల అడ్డు పెడతారు. అది భద్రత కోసమే, వార్డెన్‌తో గొడవ పడొద్దు. చిన్న రౌటర్ ఒకటి సొంతంగా కొనుక్కోండి; దానికి ఇంటర్నెట్ లేకపోయినా బాక్సుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఫైళ్లు నడుస్తాయి.

బాక్సుకు తగిలించిన డిస్కును ఎప్పుడైనా నేరుగా కంప్యూటర్‌కు పెడితే విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడగవచ్చు. లినక్స్ బాక్సు డిస్కును తన పద్ధతిలో రాసుకుంటుంది, విండోస్‌కు అది చదవరాదు. తొందరలో ‘సరే’ నొక్కితే నెలల పాఠాలు పోతాయి. డిస్కు ఫ్యాట్-32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు నాలుగు జీబీ దాటలేదు, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

వచ్చిన ఫైలు టీఎస్ రూపంలో ఉంటుంది. వీఎల్‌సీలో అలాగే చూడొచ్చు. ఫోన్‌లోకి కావాలంటే హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4గా మార్చండి, సైజు దాదాపు సగమవుతుంది. మార్చేటప్పుడు ‘డీఇంటర్‌లేస్’ మరిచిపోవద్దు; లేకపోతే బోర్డు మీద అక్షరాల అంచులు దువ్వెన పళ్లలా చీలి, లెక్కల పాఠంలో ఘాతాంకాలు అసలు కనపడవు. చరిత్ర, పాలిటీ లాంటివాటికి ఆడియో మాత్రమే విడదీసుకున్నా సరిపోతుంది. ఎల్బీనగర్‌లో ఎక్కి మియాపూర్‌లో దిగేవాళ్లకు 29 కిలోమీటర్ల రెడ్‌లైన్ ప్రయాణంలో ఒక పాఠం పూర్తవుతుంది.

ఈ పనికి ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొద్దు. ఏ ఫైలు వచ్చింది, ఏ డిస్కు తగిలించారు అన్నది చాలా కంపెనీల ఐటీ విభాగాలు గమనిస్తుంటాయి. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి ఒక్క మెమో చాలు, చదువు మీంచి మనసు మళ్లిపోతుంది. పాత డెస్క్‌టాప్ ఏదైనా ఈ పనికి సరిపోతుంది.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం కోసం ప్రసారాన్ని రికార్డు చేసుకోవడం ప్రసార హక్కుల ఉల్లంఘన కాదు. ఆ రక్షణ రికార్డు చేసుకున్న మనిషి సొంత వాడకానికే. టెలిగ్రామ్ గ్రూపులో పెట్టడం, పెన్‌డ్రైవ్‌లో నింపి గది మిత్రులకు అమ్మడం దాని కిందికి రావు. పక్క మంచం తమ్ముడికి నిజంగా సాయం చేయాలనుంటే అతని బాక్సుకు టైమర్ పెట్టడం నేర్పించండి.