అరిగిన చక్రమునకు మారుచక్రము

విద్యార్థులారా! ఒక చిన్న పండ్లచక్రము విరిగినంత మాత్రమున యంత్రమంతయు మూలబడుట మీరు చూచియే యుందురు. దానిని చేసిన కంపెనీ మూతబడినచో మారుచక్రము దొరకదు. అట్టియెడ ఉన్న ముక్కనే కొలిచి, దాని నమూనాను తిరిగి గీయవలెను. దీనినే రివర్సు ఇంజనీరింగు అందురు. ఇందులకు ఖరీదైన పరికరములే కావలెనని భయపడనక్కరలేదు.

మొదటి సాధనము మీ ప్రయోగశాలలోని వెర్నియరు కాలిపరు. రెండవది కాగితములను స్కాను చేయు యంత్రము. చదునైన భాగమును దాని అద్దముపైనుంచి, అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో, ఒక్కొక్క చుక్క సుమారు 0.042 మి.మీ. అగును. ఆ బొమ్మను ఫ్రీకాడ్ అను ఉచిత సాఫ్టువేరులో పరచి, దానిపై గీతలు గీయవచ్చును. వంకర భాగములకు సెల్‌ఫోను చాలును. చుట్టును తిరిగి తీసిన ఛాయాచిత్రములనుండి మెష్‌రూమ్ అను ఉచిత సాఫ్టువేరు ఘనరూపమును నిర్మించును. లోహపు మెరుపు దానిని తికమకపెట్టును గనుక భాగముపై పౌడరు పలుచగా చల్లవలెను. అసలు కొలత తెలియుటకు ప్రక్కన స్కేలు నుంచవలెను.

అయితే ఒక్క హెచ్చరిక. స్కానింగు అరుగుదలను గూడ ఉన్నదున్నట్లు చూపును. 22 పండ్లుగల ఒక చక్రపు బయటి వ్యాసము 47.6 మి.మీ. ఉన్నదనుకొనుడు. సాధారణ మెట్రిక్ చక్రములలో, పండ్ల సంఖ్యకు 2 కలిపి, ఆ మొత్తముతో బయటి వ్యాసమును భాగించినచో మాడ్యూలు వచ్చును. ఇచ్చట 47.6ను 24తో భాగింపగా సుమారు 1.98 వచ్చినది. మాడ్యూలు 1, 1.5, 2, 2.5 వంటి నియతసంఖ్యలలో నుండును. కావున ఇది 2. అసలు వ్యాసము 48 మి.మీ. తగ్గిన 0.4 మి.మీ. అరుగుదలయే. జతచక్రమునకు 44 పండ్లున్నచో ఇరుసుల నడిమి దూరము 66 మి.మీ. ఉండవలెను, కొలిచి నిర్ధారించుకొనుడు. స్కానునే నమ్మి చేసిన చక్రము పుట్టుకతోనే అరిగినదగును.

తాళపత్రమును చూచి వ్రాయు లేఖకుడు తప్పును గూడ ఎత్తి వ్రాయును. పరిష్కర్త మాత్రము పలుప్రతులను పోల్చి, కవి ఏమి వ్రాసెనో విచారించును. 1829లో వేమన పద్యములను ప్రకటించిన సి. పి. బ్రౌను చేసిన పని ఇట్టిదే. మీరును యంత్రభాగములకు లేఖకులుగాక పరిష్కర్తలు కండు.

అభ్యాసము: 30 పండ్లుగల చక్రపు బయటి వ్యాసము 47.5 మి.మీ. ఉన్నది. దాని మాడ్యూలెంత? అరుగుదల యెంత?