కౌంటీ కవరు నువ్వే విప్పు చెల్లీ

ఏప్రిల్ వచ్చిందంటే టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ వైపు మనవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న: "వదినా, ఈసారి మీ ఇంటికెంత వేశారు?" ఇళ్ళకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పంపిన నోటీసులో అంకె చూడగానే గుండె గుభేలుమంటుంది. "ఆయన చూసుకుంటార్లే" అనుకుని కాగితం మళ్ళీ కవర్లో పెట్టేస్తాం. ఆ కాగితం నువ్వే చూడాలి చెల్లీ. ఏ గోడ ఎక్కడ బీటలిచ్చిందో, ఏ తలుపు పట్టేస్తోందో రోజూ చూసేదానివి నువ్వు. విలువ కట్టినవాళ్ళు నీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ముందొక ఊరట మాట. అది పన్ను బిల్లు కాదు. జనవరి 1 నాటికి నీ ఇల్లు అమ్మితే ఎంత పలుకుతుందని వాళ్ళు లెక్కకట్టారో చెప్పే కాగితం, అంతే. హైదరాబాదులో అమ్మావాళ్ళు కట్టే ఇంటిపన్ను అద్దె విలువను బట్టి వేస్తారు, ఇక్కడ అమ్మకం విలువను బట్టి. ఈ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్రపన్ను లేదు, బడులు నడవడానికి ఇంటిపన్నే పెద్ద ఆధారం. మన పిల్లలు చదివేది ఆ బడుల్లోనే, కట్టాల్సింది కట్టాల్సిందే. నా బాధల్లా, కట్టక్కర్లేనిది కూడా నోరు మెదపకుండా కట్టేస్తున్నామనే.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, వాళ్ళు చేసేదీ అదే. ఒక్కొక్క ఇంటికీ వచ్చి చూడ్డం వాళ్ళకు కుదరదు. కాబట్టి ఆ పేటలో అమ్ముడైన కొన్ని ఇళ్ళను పట్టుకుని, ఎన్ని చదరపు అడుగులు, ఏ ఏడు కట్టారు, ఎలాంటి కట్టడం అని చూసి మిగతా అన్నిటికీ లెక్క వేసేస్తారు. కానీ ఒకే ప్లానుతో పక్కపక్కన కట్టిన రెండిళ్ళు కూడా పదేళ్ళకు ఒకలా ఉండవు. ఇక్కడి బంకమన్ను ఎండకు బిగుసుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. దాంతో పునాది కదిలి గోడలు నెర్రెలిస్తాయి. ఆ సంగతి వాళ్ళ కంప్యూటరుకు ఎవరు చెప్పాలి? ఫోటోలు తీసి పెట్టు. బాగు చేయడానికి ఎంతవుతుందో కాంట్రాక్టరు చేత రాయించుకో. అయితే జనవరి 1 నాటి పరిస్థితే లెక్క, ఏప్రిల్ వడగళ్ళకు పాడైన పైకప్పు ఈ ఏటి విలువను తగ్గించదు.

ఆ విలువ ఒప్పుకోనని అభ్యంతరం చెప్పడాన్ని ప్రొటెస్ట్ అంటారు. అది వేయడానికి గడువు మే 15, లేదా నోటీసు పంపిన రోజు నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది. దానికి రుసుమేమీ లేదు. ఫారంలో విలువ ఎక్కువ వేశారన్న గడికీ, పక్కవాళ్ళతో పోలిస్తే నాకు అన్యాయం జరిగిందన్న గడికీ, రెండింటికీ టిక్కు పెట్టు. వాళ్ళ దగ్గరున్న ఆధారాలు చూపించమని అడుగు. అడిగితే విచారణకు కనీసం 14 రోజుల ముందు ఇచ్చి తీరాలి. "గొడవ పెట్టుకుంటే ఇంకా పెంచేస్తారేమో" అని చాలామంది జంకుతారు. ప్రొటెస్ట్‌ను విచారించే బోర్డు, ప్రొటెస్ట్ వేసిన పాపానికి నోటీసులో ఉన్నదానికి మించి విలువ పెంచకూడదని చట్టమే ఉంది. ఆ బోర్డులో కూర్చునేది అప్రైజల్ ఆఫీసు ఉద్యోగులు కాదు, మనలాగే ఆ కౌంటీలో ఉండేవాళ్ళు. నీ ఇంగ్లీషు ఎలా ఉందని ఎవరూ చూడరు, నెమ్మదిగా నీ ఇంటి సంగతి చెప్పు, చాలు.

ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం టెక్సస్‌లో లేదు. అందుకే ఈమధ్యే వాళ్ళు వేసిన విలువకన్నా తక్కువకు కొనుంటే, నీ క్లోజింగ్ కాగితాన్ని మించిన సాక్ష్యం లేదు. వీధిలో కొత్తగా దిగిన వాళ్ళను ఎంతకు కొన్నారని అడగడానికి మొహమాటపడతాం. అడుగు. ఇలాంటి చోట ఒకరికొకరం చెప్పుకోకపోతే ఎలా?

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అనే పన్ను మినహాయింపుకు దరఖాస్తు. మనం ఉంటున్న ఇంటికే ఇది, అద్దెకిచ్చిన దానికి రాదు. బడిపన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. ఇది లక్షే ఉండేది, 2025 నవంబరులో ఓటర్లు పెంచారు. వీసా మీద ఉన్నాం కదా, మనకెక్కడ ఇస్తారనుకోకు, పౌరసత్వంతో దీనికి సంబంధం లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా ఈ ఇంటిదే ఉండాలి. దరఖాస్తుకు డబ్బేమీ కట్టక్కర్లేదు. "మేం పెట్టిస్తాం, ఇంత పంపండి" అని సర్కారు కాగితంలా కనిపించే ఉత్తరాలు వస్తాయి, వాటిని నమ్మొద్దు.

ఎగ్జెంప్షన్ వచ్చిన మరుసటి ఏడాది నుంచి, ఇంటికి కొత్తగా ఏమీ కట్టకపోతే, పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. ఈ ఏడాది 4 లక్షలుంటే, బజారులో ధర ఎంత ఎగిరినా వచ్చే ఏడాది 4,40,000 దాటదు. అందుకే నోటీసులో రెండు అంకెలుంటాయి: పైన మార్కెట్ విలువ, కింద పన్ను వేసే విలువ. మార్కెట్ విలువ 5 లక్షల నుంచి 4,70,000కు తగ్గించారని సంబరపడేలోపు కింది అంకె చూడు. అది 4,40,000 దగ్గరే ఉంటే ఆ తగ్గింపు వల్ల ఈ ఏడు పన్ను తగ్గదు.

కొత్త ఇల్లు కొన్న చెల్లెళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. జనవరి 1 నాటికి అక్కడ ఉత్త స్థలమే ఉంటే ఆ ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది. అది చూసి మార్ట్‌గేజ్ కంపెనీ, పన్ను కట్టడానికి నెల కిస్తీతో పాటు తీసి పెట్టే ఎస్క్రోకు కొంచెమే పట్టుకుంటుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి పూర్తి పన్ను పడుతుంది. ఎస్క్రోలో లోటు తేలి, పాత బాకీ, కొత్త పెంపు కలిసి నెల కిస్తీ ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. పిల్లల డేకేర్‌కు, ఊళ్ళో అమ్మకు పంపడానికి లెక్కేసి పెట్టుకున్న డబ్బు అటు పోతుంది. మొదటి ఏడాది నుంచే పూర్తి విలువ మీద పన్ను ఎంతవుతుందో లెక్క వేసి, తేడా పక్కన పెట్టుకో.

విలువ తగ్గినా, ఎగ్జెంప్షన్ వచ్చినా ఆ కాగితం మార్ట్‌గేజ్ కంపెనీకి పంపి ఎస్క్రో మళ్ళీ లెక్క వేయమని అడుగు. అడక్కపోతే వాళ్ళు ఏటా లెక్క చూసే రోజు దాకా పాత కిస్తీయే కడుతూ ఉంటావు.