కాపురమా, కేసా అని అడగకముందు

చిరంజీవి సుధకు,

అవనిగడ్డలో ఉన్న నీ స్నేహితురాలిని భర్త కొడుతున్నాడని రాశావు. పుట్టింటికి వచ్చేయమనాలా, ఓర్చుకోమనాలా అని అడిగావు. రెండూ నువ్వు చెప్పకూడదమ్మా. ఉండాలో వెళ్ళాలో ఆమే తేల్చుకోవాలి. తేల్చుకునేదాకా ఆమెకూ పిల్లలకూ దెబ్బ తగలకుండా చూడటమే మన పని. సాయం అడిగితే కాపురం కూలిపోయినట్టే అన్న భయం మనవాళ్ళలో పాతుకుపోయింది, ఆడవాళ్ళ నోరు నొక్కుతున్నది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 30 మంది భర్త చేతిలో హింస పడ్డామన్నారు. దేశం మొత్తం మీద హింస పడ్డవాళ్ళలో సాయం అడిగింది నూటికి 14 మందే. వాళ్ళు కూడా ఎక్కువగా వెళ్ళింది పుట్టింటివాళ్ళ దగ్గరికే, పోలీసుల దాకా వెళ్ళినవాళ్ళు బహు కొద్దిమంది. అంటే ఆమె మాట మొదట వినేది అమ్మో, అక్కో, నీలాంటి స్నేహితురాలో. అక్కడ "సర్దుకుపో" అని వినబడితే రెండోసారి నోరు విప్పుతుందా?

2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఈ భయానికి సరైన జవాబు. దాని కింద అర్జీ పెట్టుకోవడానికి విడాకులు అడగనక్కర్లేదు. కొట్టొద్దని, ఇంట్లోంచి గెంటొద్దని, ఖర్చులకు డబ్బివ్వమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. ఇల్లు మామగారి పేరున ఉంది కదా అంటారు. ఆ కారణం ఒక్కటే చూపి కోడలి నివాస హక్కును కాదనలేరని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె గుడివాడలోని పుట్టింటికి వచ్చి కొన్నాళ్ళే తలదాచుకున్నా అర్జీ అక్కడే పెట్టవచ్చు, అవనిగడ్డకు తిరగనక్కర్లేదు.

"ముందు పెద్దమనుషుల్లో పెడదాం" అని ఆమె తరఫువాళ్ళు అనవచ్చు. వాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ రాజీలో అతను ఇచ్చిన మాట తప్పితే అడిగే అధికారం ఎవరికీ లేదు. కోర్టు ఉత్తర్వుకు ఆ అధికారం ఉంది. కేసు పెడితే ఇంటిల్లిపాదినీ జైల్లో వేస్తారని మరో భయం. ఈ చట్టం కింద మొదట వచ్చేది ఉత్తర్వే, అరెస్టు కాదు. భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వానికి అప్పట్లో వర్తించిన 498ఎ సెక్షను కింద కూడా యాంత్రికంగా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఇక తాగుడు మానితే అంతా సర్దుకుంటుందనే మాట. తాగుడు హింసను పెంచుతుంది, నిజమే. కానీ చుక్క ముట్టని మగవాళ్ళ ఇళ్ళలోనూ దెబ్బలున్నాయి. అతను మానేదాకా ఆమె ఎందుకు దెబ్బలు తినాలి?

ఆమె ఫోను అతను చూస్తాడేమో ముందు కనుక్కో. చూసేట్టయితే సందేశాలేవీ పంపకు, ఎదురుగా ఉన్నప్పుడే మాట్లాడు. దెబ్బ తగిలిన రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి రాయించుకోమను. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టిన పత్రాలు నమ్మకమైన చోట దాచమను. ప్రాణానికి ముప్పనిపిస్తే 112, సలహాకైతే 181. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి ఆమె చెప్పింది నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకు న్యాయసేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది, ఆ నంబరు 15100. ఇల్లు వదలాలని ఆమె అనుకుంటే ఆ సంగతి అతనికి ముందుగా తెలియనివ్వొద్దు, వెళ్ళే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. వద్దనుకుని ఆగిపోయినా కోప్పడకు. మళ్ళీ ఎప్పుడు పిలిచినా వస్తానని చెప్పి, పిలిచినప్పుడు వెళ్ళు.

నీ అత్తయ్య